పిల్లల చదరంగం పోటీలకు ఏసీ కల్యాణ మండపమా, బడి గదులా? జబ్బులు అంటకుండా ఉండాలంటే ఏది మేలు?

నెల్లూరు, కావలి, ఒంగోలు పట్టణాల్లో పిల్లల చదరంగం పోటీలు పెట్టేవారు వీలైతే ఏసీ కల్యాణ మండపానికే మొగ్గు చూపుతారు. ఎండ బాధ ఉండదు, బోర్డులన్నీ ఒకేచోట ఉంటాయి కనుక కొద్దిమంది ఆర్బిటర్లతోనే (ఆటను పర్యవేక్షించే నిర్ణేతలు) పని నడిచిపోతుంది. అయితే జలుబు, ఫ్లూ వ్యాపించే తీరును బట్టి చూస్తే ఈ సౌకర్యంలోనే లోటు ఉంది. స్ప్లిట్ ఏసీ గదిలో ఉన్న గాలినే చల్లబరిచి మళ్లీ వదులుతుంది తప్ప బయటి గాలిని లోపలికి తీసుకురాదు. తలుపులు మూసిన హాల్లో గంటల తరబడి కూర్చున్నప్పుడు ఒకరి దగ్గు ఎదుటి బోర్డుతో ఆగిపోదు.

రెండు వైపులా కిటికీలున్న బడి గదుల్లో గాలి ఆడుతుంది. అంతకంటే పెద్ద లాభం మరొకటి ఉంది. ఇలాంటి పోటీల్లో సమాన పాయింట్లున్నవారిని రౌండు రౌండుకూ జత కలిపే స్విస్ పద్ధతిలో ఒకసారి ఆడినవారితో మళ్లీ జత కలపరు కనుక, ఏడు రౌండ్లు ఆడిన పిల్లవాడు ఏడుగురికి ఎదురుగా, చేయి చాపితే అందేంత దూరంలో కూర్చుంటాడు, వాళ్లు ముట్టిన పావులనే ముడతాడు. అండర్-9, అండర్-11, అండర్-13 విభాగాలను వేర్వేరు గదుల్లో ఉంచితే ఈ కలయిక చాలావరకు ఆ గదికే పరిమితమవుతుంది. గదికొక ఆర్బిటర్ కావాలి, ఖర్చు పెరుగుతుంది. అయినా మండపం అద్దెతో పోల్చి చూసుకోవాలి.

ఇక్కడి ఎండను మాత్రం తక్కువగా అంచనా వేయకూడదు. రోహిణి కార్తెలో ఫ్యాను కింద కూర్చోబెట్టి మధ్యాహ్నం ఆడించడం పిల్లలను హింసించడమే అవుతుంది. ఒక్కో ఆట త్వరగా ముగిసే ర్యాపిడ్ పోటీ అయితే రెండు ఉదయాలకు సర్దవచ్చు. రోజంతా సాగే క్లాసికల్ పోటీకి వేసవిలో మండపమే గతి. అప్పుడైనా రౌండ్ల మధ్య తలుపులు, కిటికీలు బార్లా తెరిచి ఎగ్జాస్ట్ ఫ్యాన్లు తిప్పాలి. ఈశాన్య రుతుపవనాల వానలు పడే అక్టోబరు, నవంబరు నెలల్లో బడి గదులే నయం, కాకపోతే డెంగీ దోమ పగలే కుడుతుంది కాబట్టి పిల్లలకు నిండు ప్యాంటు, మేజోళ్లు తప్పనిసరి.

ఇక గుమ్మం దగ్గర థర్మల్ గన్ మేలా, జబ్బుపడ్డ పిల్లవాడికి ఫీజు వాపసు ఇవ్వడం మేలా? నా దృష్టిలో ఇందులో సందేహానికి తావు లేదు. పొద్దున్నే పారాసిటమాల్ వేసుకొచ్చిన పిల్లవాడికి గన్ను మామూలు ఉష్ణోగ్రతే చూపిస్తుంది. ఫ్లూ లక్షణాలు పైకి కనబడడానికి ఒక రోజు ముందే, ఆటలమ్మ పొక్కులు రావడానికి ఒకటి రెండు రోజుల ముందే ఇతరులకు అంటుకోవచ్చు. కట్టిన ఫీజు, పెట్టిన బస్సు చార్జీలు, చేజారే రేటింగ్ పాయింట్లు తలచుకునే తల్లిదండ్రులు జ్వరాన్ని దాస్తారు. ఫీజు తిరిగిస్తామని, నడిమధ్యలో నలతచేస్తే అర పాయింటు బై (ఆ రౌండు ఆడకుండానే అర పాయింటు) ఇస్తామని ముందే ప్రకటిస్తే దాచవలసిన అవసరం తగ్గుతుంది. పెద్దల ఆటలోనూ ఈ చిక్కు వచ్చింది. 2020 మార్చిలో కరోనా భయంతో, ప్రపంచ ఛాంపియన్‌తో తలపడేవారిని తేల్చే క్యాండిడేట్స్ పోటీని వాయిదా వేయమని అజర్‌బైజాన్ గ్రాండ్‌మాస్టర్ రద్జబోవ్ కోరితే అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే ఒప్పుకోలేదు, ఆయన తప్పుకున్నారు. ఏడు రౌండ్లు ముగిశాక పోటీ నిలిచిపోయింది, మిగిలిన సగం 2021 ఏప్రిల్‌లో జరిగింది. 2022 క్యాండిడేట్స్‌లో ఫిడే ఆయనకు నేరుగా చోటిచ్చింది.

శానిటైజరా, సబ్బా అంటే రెండూ ఉండాలి. బల్ల దగ్గర శానిటైజర్ చాలు. భోజనానికి ముందు, మరుగుదొడ్డికి వెళ్లివచ్చాక మాత్రం సబ్బు, నీళ్లే కావాలి. వాంతులు, విరేచనాలు కలిగించే నోరోవైరస్‌పై శానిటైజర్ అంతగా పనిచేయదు. రౌండు రౌండుకూ పావులన్నీ తుడవడం కంటే పిల్లలందరి చేతులు కడిగించడం తేలిక.

పెయిరింగ్స్ (ఎవరు ఎవరితో ఆడాలో చెప్పే జాబితా) గోడకు అంటించడం కంటే తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టడం మంచిది. ఆట సాగినంతసేపు ఎవరూ మాట్లాడరు కనుక నోటి తుంపర్లు తక్కువే. ఆ కాగితం ముందు తోసుకుంటూ, గట్టిగా పేర్లు చదువుకుంటూ నిలబడే గుంపులోనే ముప్పు ఎక్కువ. భోజనాలకు, ఆడిన ఆటను మళ్లీ చర్చించుకోవడానికి ఆరుబయట ఒక షామియానా వేయిస్తే పిల్లలు వరండాల్లో గుమిగూడరు.