రెండు ప్రాసెసర్లున్న పాత వర్క్‌స్టేషన్ కొనబోతున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

పర్లాకిమిడిలో నాకు చిన్న స్టూడియో ఉంది. పెళ్ళి వీడియోలు, ఆల్బమ్‌లు చేస్తాను. మాఘమాసం ముహూర్తాలకు ముందు, 4కె వీడియోలు ఎడిట్ చేయడానికి రెండు ప్రాసెసర్లున్న పాత వర్క్‌స్టేషన్ (భారీ పనుల కోసం చేసిన కంప్యూటర్) కొని దెబ్బతిన్నాను. దుకాణం పేరు రాయను. మా వైపు స్టూడియోల వాళ్ళు చాలామంది ఇలాంటివాటి కోసమే అడుగుతున్నారు కాబట్టి జరిగింది చెబుతున్నాను.

లోపలివి రెండు ఇంటెల్ జియాన్ ఇ5-2670లు. 2012లో వచ్చినవి, ఒక్కోదానిలో 8 కోర్లు, అంటే విడివిడిగా పనిచేసే భాగాలు. "రెండూ కలిపి 16 కోర్లు సార్, ఈ ధరకు కొత్తది ఎక్కడ వస్తుంది?" అన్నాడు అమ్మినతను. ఆ లెక్కకే పడిపోయాను.

ఎడిట్ చేసిన మొదటి పెళ్ళి వీడియోలోనే తలంబ్రాల ఘట్టం ఆగి ఆగి నడిచింది. విండోస్‌లోని టాస్క్ మేనేజర్ తెరిస్తే సాకెట్లు (ప్రాసెసర్ కూర్చునే చోట్లు) 1, కోర్లు 8 అని చూపించింది. రెండో ప్రాసెసర్ పెట్టెలో ఉంది, విండోస్‌కు కనబడటం లేదు! వాళ్ళు వేసిచ్చింది విండోస్ 10 హోమ్. అది ఒక్క సాకెట్‌నే వాడుకుంటుంది, రెండూ పనిచేయాలంటే విండోస్ 10 ప్రో ఉండాలి. ఫోన్ చేస్తే "అది మామూలే సార్" అని పెట్టేశారు. ప్రో నా డబ్బుతోనే కొనుక్కున్నాను.

కోర్లు 16 అయ్యాయి, నత్తనడక మాత్రం పోలేదు. పక్క తలుపు విప్పాను. ర్యామ్ నాలుగూ మొదటి ప్రాసెసర్ పక్కనే బారుగా గుచ్చి ఉన్నాయి. రెండోదాని పక్క స్లాట్‌లన్నీ ఖాళీ, వాటి నిండా దుమ్ము. ఈ బోర్డుల్లో ఏ ప్రాసెసర్ ర్యామ్ దానికే ఉంటుంది, ఒక్కోదానికి ర్యామ్‌తో మాట్లాడే దారులు, అంటే ఛానెళ్ళు, నాలుగు. తన పక్కన ర్యామ్ లేనిది ప్రతిదానికీ పక్కదాని గుమ్మం తొక్కాలి. రెండు వైపులా సర్దాక కొంత నయమైంది. కొంతే.

ఎడిటింగ్‌లోనూ ఆల్బమ్ డిజైన్‌లోనూ చాలా పని ఒకదాని తర్వాత ఒకటిగా జరగాల్సిందే. అక్కడ కోర్ల సంఖ్య కాదు, ఒక్కో కోర్ వేగం అక్కరకొస్తుంది. ఈ చిప్ మామూలు వేగం 2.6 గిగాహెర్ట్జ్, ఎంత ఎగిసినా 3.3. పైగా ఇందులో గ్రాఫిక్స్ భాగం లేదు కాబట్టి, వీడియోను చకచకా విప్పి చూపే క్విక్ సింక్ కూడా లేదు. పాతపట్నంలో మా బావమరిది దగ్గర ఒకే ప్రాసెసర్‌తో నడిచే కోర్ ఐ5 ఉంది. అవే తలంబ్రాలు అందులో ఎక్కడా ఆగలేదు. కడుపు మండిపోయింది.

కరెంటు సంగతి కూడా చూసుకోండి. పూర్తి పనిలో ఈ రెండు చిప్‌లకే 230 వాట్లు. కరెంటు పోయిన మొదటి రోజే నా 600 వీఏ యూపీఎస్ చేతులెత్తేసింది, సగంలో ఉన్న ఎక్స్‌పోర్ట్ పోయింది.

ప్రాసెసర్ మీదే 3డి రెండరింగ్ చేసేవాళ్ళకు, వందల జీబీల ర్యామ్ కావలసినవాళ్ళకు రెండు ప్రాసెసర్లు నిజంగా పనికొస్తాయి. 16 కోర్ల కోసమే అయితే, ఒకే చిప్‌లో 16 కోర్లతో ఏఎండీ కంపెనీ ప్రాసెసర్ రైజెన్ 9 3950ఎక్స్ 2019లోనే వచ్చింది. ఇంకొకటి, ఈ పాత జియాన్‌లు విండోస్ 11 ఒప్పుకునే ప్రాసెసర్ల జాబితాలో లేవు, విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబరుతో ఆగిపోయింది.

కాశీనగర్, గుణుపురం వైపు ఎవరైనా ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చి ఉంటే, మిగతా డబ్బు ఇచ్చే ముందు అక్కడే పెట్టె విప్పించి ర్యామ్ రెండు వైపులా ఉందో లేదో చూడండి. టాస్క్ మేనేజర్‌లో సాకెట్లు 2 అని కనబడాలి. మీ సొంత వీడియో పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్ళి, వాళ్ళ ఎదుటే నడిపించి చూడండి. నన్ను అలా చూడనివ్వలేదు, నేనూ పట్టుబట్టలేదు.