భోగి నాడు లారెన్స్‌లో

2023లో భోగికి మేం ఇంట్లో లేం. జనవరి 14 శనివారం పొద్దున కాన్సస్ రాష్ట్రంలోని లారెన్స్ అనే ఊళ్లో, మా కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టు ఎర్ర రంగు స్వెట్టర్లు వేసుకుని, కాన్సస్ జట్టు నీలిరంగులో ఉన్న జనం మధ్య బిక్కుబిక్కుమంటూ నడుస్తున్నాం. నేను, మా ఆవిడ, మా బావమరిది. వాడు అయోవా రాష్ట్రంలోని ఏమ్స్‌లో, అయోవా స్టేట్ యూనివర్సిటీలో ఎమ్మెస్ చేస్తున్నాడు. నేనూ అక్కడే చదివి, 2018లో బయటికొచ్చి డెమోయిన్‌లో ఉద్యోగం చేసుకుంటున్నాను. "బావా, మన హిల్టన్ స్టేడియంలో గెలుస్తుంటే చూడ్డం ఎవరైనా చేస్తారు. కాన్సస్ వాళ్ల అలెన్ ఫీల్డ్‌హౌస్‌కి వెళ్దాం పద" అని డిసెంబర్ నుంచి ఒకటే పోరు. సోమవారం మార్టిన్ లూథర్ కింగ్ సెలవు కలిసొచ్చింది. సరే అన్నాను.

కాలేజీ బాస్కెట్‌బాల్ అలవాటు లేనివాళ్లకు ఒక్క మాట. మా కాన్ఫరెన్స్ (తమలో తాము లీగ్ ఆడుకునే యూనివర్సిటీల గుంపు) బిగ్ 12లో ఆ సీజన్‌లో, అంటే 2022-23లో, ఉన్నవి పది జట్లు. ప్రతి జట్టూ మిగతా తొమ్మిదింటితో సొంత ఊళ్లో ఒకసారి, వాళ్ల ఊళ్లో ఒకసారి ఆడేది. మొత్తం 18 మ్యాచ్‌లు. అందులో అందరూ భయపడే ప్రయాణం లారెన్స్‌కే. అక్కడి కాన్సస్ యూనివర్సిటీ జట్టు 2005 నుంచి 2018 దాకా వరసగా 14 సార్లు కాన్ఫరెన్స్ టైటిల్ కొట్టింది. అంతకుముందు ఏడాది, 2022లో, జాతీయ ఛాంపియన్ కూడా వాళ్లే. ఈ మ్యాచ్‌కి వచ్చేసరికి కాన్ఫరెన్స్‌లో వాళ్లూ మేమూ నాలుగుకి నాలుగు గెలిచి ఉన్నాం. ఆ 2022లోనే ఇదే కోర్టులో మేం 62-61తో, ఒకే ఒక్క పాయింట్‌తో ఓడిపోయాం. వారం ముందు నుంచే టెన్షన్ ఎందుకు మొదలైందో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

డెమోయిన్ నుంచి శుక్రవారం మధ్యాహ్నం బయల్దేరాం. ఐ-35 మీద నేరుగా దక్షిణానికి, దాదాపు నాలుగు గంటలు. కాన్సస్ సిటీ దగ్గరికొచ్చాక లారెన్స్‌కి రెండు దారులు. ఐ-70 అయితే టోల్ కట్టాలి. కాస్త కిందికి దిగి కె-10 పట్టుకుంటే టోల్ లేదు, నేరుగా లారెన్స్‌లో 23వ వీధి వైపు తేలతాం. మేం కె-10లోనే వెళ్లాం. కొంచెం చుట్టే, కానీ రోడ్డు బాగుంది, ట్రక్కుల రద్దీ తక్కువ. పులిహోర, పెరుగన్నం డబ్బాల్లో పెట్టుకున్నాం కాబట్టి దారిలో ఎక్కడా తిండికి ఆగలేదు.

ఆ దారిలోనే ఒలేతే వస్తుంది. ఆ పేరున్న బోర్డు కనపడగానే కారులో మాటలు ఆగిపోయాయి. 2017 ఫిబ్రవరిలో నేను ఏమ్స్‌లో విద్యార్థిని. ఆ నెల 4న మా జట్టు ఇదే అలెన్ ఫీల్డ్‌హౌస్‌లో ఓవర్‌టైమ్‌లో 92-89తో గెలిచింది. సొంత కోర్టులో 51 మ్యాచ్‌లుగా ఓటమి ఎరగని కాన్సస్‌ని ఓడించాం. ఆ రాత్రి అపార్ట్‌మెంట్‌లో మేం అరిచిన అరుపులు ఇంకా చెవుల్లో ఉన్నాయి. మూడు వారాలు తిరక్కుండానే, 22న, ఒలేతేలో ఒక బార్‌లో మన తెలుగు ఇంజనీర్ కూచిభొట్ల శ్రీనివాస్‌ని జాతి ద్వేషంతో కాల్చి చంపారు. అప్పుడు ఆ బార్‌లో టీవీలో వస్తున్నది కూడా కాన్సస్ మ్యాచే. మా అమ్మ ఆ వారమంతా రోజుకి నాలుగుసార్లు ఫోన్ చేసింది. అందుకే ఈ ట్రిప్ అనగానే మా ఆవిడ మొదట అడిగింది హోటల్ గురించి కాదు, "అక్కడ అవతలి జట్టు షర్టులు వేసుకుని తిరగడం అవసరమా?" అని. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు అడ్డుపడి బుల్లెట్ తగిలించుకున్న ఇయన్ గ్రిలట్ కూడా ఆ ప్రాంతం మనిషేనని మాత్రం గుర్తుచేశాను.

బస విషయానికి వస్తే, డౌన్‌టౌన్‌లో మసాచుసెట్స్ వీధి మీద, 7వ వీధి మూలన ఎల్‌డ్రిడ్జ్ హోటల్ ఉంది. మొదట్లో దాని పేరు ఫ్రీ స్టేట్ హోటల్. బానిసత్వం వద్దన్నవాళ్ల ఊరని లారెన్స్ మీద పగబట్టి 1856లో ఒకసారి, 1863లో బానిసత్వం పక్షాన పోరాడిన క్వాంట్రిల్ మూక దాడి చేసినప్పుడు ఇంకోసారి దాన్ని తగలబెట్టారు. రెండుసార్లూ మళ్లీ కట్టుకున్నారు. మ్యాచ్ వారాంతంలో దాని అద్దె మాకు అందేది కాదు, లాబీ మాత్రం చూసొచ్చాం. ఎవరైనా పెళ్లిరోజుకో దేనికో కలిపి వెళ్తే అక్కడే ఉండండి. డౌన్‌టౌన్ అంతా నడక దూరమే.

మేం దిగింది అయోవా వీధి దగ్గర ఒక మామూలు హోటల్లో. శత్రువుల ఊళ్లో మన రాష్ట్రం పేరుతో వీధి ఉందని బావమరిది దాన్ని శుభశకునంగా తీసుకున్నాడు. మామూలు రోజుల్లో 80 డాలర్లుండే గదికి ఆ రాత్రి 150 తీసుకున్నారు. హీటర్ అర్ధరాత్రి మొరాయించింది. ఫిర్యాదు చేస్తే డెస్క్ దగ్గరున్న అమ్మాయి ఒక్క మాట అడ్డం చెప్పకుండా ఇంకో గది ఇచ్చింది, అది నచ్చింది. పొద్దున ఎనిమిదిన్నరకి వెళ్తే బ్రేక్‌ఫాస్ట్‌లో కాఫీ, రెండు అరటిపళ్లు తప్ప ఏమీ మిగల్లేదు. మ్యాచ్ రోజు ఏడింటికల్లా కిందికి దిగాలి. లేదా మాలాగా పులిహోర దాచుకోవాలి.

అయినా శుక్రవారం రాత్రి లారెన్స్‌లోనే ఉండండి అంటాను. చాలామంది మా వాళ్లు చవక అని కాన్సస్ సిటీ శివార్లలో దిగి, మ్యాచ్‌కి గంట ముందు వస్తారు. అలా వస్తే ఆ ఊరు ఎదురుచూసే తీరు కనపడదు. శుక్రవారం సాయంత్రం మసాచుసెట్స్ వీధిలో (అక్కడ అందరూ మాస్ స్ట్రీట్ అంటారు) ప్రతి కొట్టు కిటికీలో కాన్సస్ జట్టు గుర్తు జేహాక్ పక్షి బొమ్మే. 1989 నుంచి ఉన్న ఫ్రీ స్టేట్ బ్రూవరీలో టేబుల్ కోసం ముప్పావు గంట నిలబడ్డాం. సూప్ వేడిగా, చిక్కగా బాగుంది. శాకాహారులకి ఎంపిక తక్కువే, ఆకలితో ఉండరు కానీ. పక్క టేబుల్ వాళ్లు మా షర్టులు చూసి, "నిరుడు మీరు మా ప్రాణాలు తోడేశారు" అన్నారు. వాళ్లకీ మా అంత టెన్షన్ ఉందని అప్పుడే తెలిసింది. మా ఆవిడ భుజాలు కాస్త వదులయ్యాయి.

శనివారం పొద్దున తప్పకుండా చూడాల్సింది ఫీల్డ్‌హౌస్‌ని ఆనుకుని ఉన్న డిబ్రూస్ సెంటర్. 1891లో జేమ్స్ నైస్మిత్ టైపు చేయించిన బాస్కెట్‌బాల్ 13 నియమాల అసలు కాగితాలు రెండూ అక్కడే ఉన్నాయి. 2010 వేలంలో కాన్సస్ పూర్వవిద్యార్థి డేవిడ్ బూత్ 43 లక్షల డాలర్లు పెట్టి కొన్నారు. టికెట్ లేదు. ఆట కనిపెట్టిన నైస్మితే 1898లో కాన్సస్‌కి వచ్చి మొదటి కోచ్ అయ్యారు. గెలుపులు 55, ఓటములు 60. కాన్సస్ కోచ్‌లలో గెలుపులకన్నా ఓటములు ఎక్కువున్నది ఆయనకొక్కడికే. ఆ రెండు కాగితాల ముందు మా బావమరిది పావుగంట కదల్లేదు. పక్కనే ఉన్న బూత్ హాల్ మ్యూజియం కూడా ఉచితమే, అరగంట చాలు.

పార్కింగ్ గురించి ముందే ఆలోచించుకోండి. ఫీల్డ్‌హౌస్ దగ్గరి చోట్లు చాలావరకు పర్మిట్ ఉన్నవాళ్లకే. మేం ఒకరింటి వాకిట్లో 20 డాలర్లిచ్చి పెట్టి, చలిగాలిలో పావుగంట కొండెక్కాం. మామూలు హ్యాండ్‌బ్యాగ్ లోపలికి రానివ్వరని తెలియక మా ఆవిడ మళ్లీ కారు దాకా వెళ్లొచ్చింది.

లోపల సౌకర్యాల గురించి చెప్పాలంటే, సౌకర్యం లేదు. 1955లో కట్టిన భవనం, అప్పట్లో 16,300 మంది పట్టేవారు, చాలావరకు బల్లల మీదే కూర్చోవాల్సి వచ్చేది. మోకాళ్లు ముందువాళ్ల వీపుకి తగిలాయి. మా టికెట్లు పై మూలన, ఒక్కోటి 110 డాలర్లు. కానీ ఆ ధ్వని! 2017లో ఇక్కడ 130.4 డెసిబెల్స్ నమోదై గిన్నిస్ రికార్డయింది. మా జట్టు పేర్లు చదువుతుంటే విద్యార్థులంతా న్యూస్‌పేపర్లు ముఖాలకి అడ్డం పెట్టుకుని గలగలా ఊపారు. తర్వాత ఆ కాగితాలే ముక్కలై గాల్లోకి లేచాయి. వాళ్ల జట్టు నినాదం "రాక్ చాక్" అని మెల్లగా, గుళ్లో మంత్రంలా సాగదీసి మొదలుపెడతారు. ఒళ్లు గగుర్పొడిచింది, వాళ్ల జట్టు మాది కాకపోయినా.

62-60. మళ్లీ ఓడిపోయాం. చివరి క్షణాల్లో వాళ్ల ఆటగాడు కేజే ఆడమ్స్ వేసిన బాస్కెట్ మా ఆశ తీసేసింది. బావమరిది తల పట్టుకుని కూర్చుండిపోయాడు. నా పక్కన నీలి టోపీ పెట్టుకున్న పెద్దాయన, మ్యాచ్ అంతా గొంతు పోయేలా అరిచిన మనిషి, వాడి భుజం మీద చెయ్యి వేసి, "మీరు ఓడిపోయే ఆట ఆడలేదు బాబూ" అన్నారు.

ఆ రాత్రి కాన్సస్ సిటీ శివారు ఓవర్‌ల్యాండ్ పార్క్‌లో దిగాం. 98 డాలర్లు, గది శుభ్రం, దగ్గర్లో మన సరుకుల కొట్లు, వేడి దోసె. పిల్లలతో వచ్చేవాళ్లకి రెండో రాత్రికి అదే సరైన చోటు. ఆదివారం సంక్రాంతి. షానీలో హిందూ దేవాలయానికి వెళ్లి, అక్కణ్నుంచి ఇంటిదారి పట్టాం.

ఆ ఫిబ్రవరి 4న కాన్సస్ వాళ్లు ఏమ్స్‌కి రావాల్సి ఉంది. మ్యాచ్‌లో నా పక్కన కూర్చున్న ఆ పెద్దాయనా వస్తానన్నారు. ఏమ్స్‌లో మంచి హోటల్ ఏదని అడిగితే, హోటల్ ఎందుకండీ, డెమోయిన్‌లో మా ఇంట్లోనే దిగండి, మ్యాచ్‌కి కలిసే వెళ్దాం అన్నది మా ఆవిడ.