తాతయ్య ఓడ సామాను: 11 ఏళ్ల వాడకం తర్వాత

మా తాతయ్య సరుకు ఓడల మీద సెకండ్ ఆఫీసరు. ఆయన పోయాక పంపకాల్లో నా వాటాకి ఒక రేకు పెట్టె వచ్చింది. ఇంకెవరూ అడగలేదు కాబట్టి వచ్చింది అనాలి. అందులో గాలి ఒత్తిడి చూపించే ఒక బారోమీటర్, బైనాక్యులర్స్, చెక్కపెట్టెలో సెక్స్టాంట్ (సూర్యుడు, నక్షత్రాలు దిగంతానికి ఎంత కోణంలో ఉన్నాయో కొలిచి ఓడ ఎక్కడుందో కనుక్కునే పరికరం), ఒక డిశ్చార్జి బుక్కు (నావికుడి సర్వీసు రికార్డు) ఉన్నాయి. వీటిని అద్దాల బీరువాలో పెట్టకుండా 11 ఏళ్లుగా వాడుతూనే ఉన్నాను. కొన్నిటిని పాడు కూడా చేశాను, అదీ చెప్తాను.

ఎక్కువ మార్కులు బారోమీటర్‌కే. లోపల గాలి తీసేసిన పల్చటి లోహపు డబ్బీ ఉంటుంది. బయట ఒత్తిడి పెరిగితే అది నొక్కుకుపోతుంది, తగ్గితే ఉబ్బుతుంది. ఆ వెంట్రుకవాసి కదలికని మీటలు పెద్దది చేసి ముల్లుని తిప్పుతాయి. బ్యాటరీ లేదు, కీ ఇచ్చే పని లేదు. అద్దం మీద ఇంకో ఇత్తడి ముల్లు ఉంటుంది. దాన్ని చేత్తో తిప్పి ఇప్పటి రీడింగు మీద పెట్టి వెళ్లిపోతే, మళ్లీ వచ్చి చూసేసరికి ఎంత మారిందో తెలిసిపోతుంది. చూసే ముందు అద్దాన్ని మెల్లగా తట్టాలి, ఎందుకంటే రాపిడికి ముల్లు ఒక్కోసారి పట్టేసుకుంటుంది. తాతయ్య మధ్యవేలి కణుపుతో రెండుసార్లు తట్టేవారు, లోపల ఎవరో పడుకున్నట్టు.

ఓడలో ఆయన డ్యూటీ 12 నుంచి 4. పగలు ఒకటి, రాత్రి ఒకటి. రిటైరయ్యాక కూడా అర్ధరాత్రికి పావుగంట ముందే లేచి కూర్చునేవారు. చిన్నప్పుడు చీకట్లో ఆ టక్ టక్ వినపడితే మళ్లీ నిద్రపోయేవాణ్ణి.

డయల్ మీద వాన, మార్పు, ఎండ అని రాసి ఉంటుంది. ఆ రాతలు కొనేవాళ్ల కోసం, ముల్లు మనకోసం అనేవారు. నిజమే. ఉన్న అంకె కన్నా అది ఎటు, ఎంత వేగంగా పోతోందన్నదే ముఖ్యం. ఉష్ణమండల సముద్రాల్లో ఒత్తిడి రోజుకి రెండుసార్లు పెరిగి తగ్గుతుంది. ఉదయం, రాత్రి 10 ప్రాంతంలో ఎక్కువ, రెండు పూటలా 4 ప్రాంతంలో తక్కువ. ఆ లెక్క పోనిచ్చాక కూడా మామూలు కన్నా 3 మిల్లీబార్లు (గాలి ఒత్తిడి కొలత) తగ్గితే తుఫాను ఉందేమోనని చూసుకోవాలి. 5 తగ్గితే ఇక అనుమానం అక్కర్లేదు.

మొదట్లో వాతావరణ వార్తల అంకెకీ దీనికీ ఎప్పుడూ తేడా వచ్చేది. పాడైందని తెగ టెన్షన్ పడ్డాను. వాళ్లు సముద్రమట్టానికి లెక్కకట్టి చెప్తారు, సుమారు 8 మీటర్లు పైకి వెళ్తే ఒక మిల్లీబారు తగ్గుతుంది. వెనక చిన్న స్క్రూ ఉంది, దాన్ని కొద్దికొద్దిగా తిప్పి సరిచేసుకుంటే చాలు.

నేను చేసిన తెలివితక్కువ పని ఇంకోటుంది. తట్టేటప్పుడు తాతయ్య ఎడమ బొటనవేలు అంచు మీద ఆన్చేవారు. ఆ ఒక్కచోట వార్నిష్ పోయి ఇత్తడి నల్లబడింది. మరక అనుకుని మొత్తం పాలిష్ పెట్టి రుద్దేశాను. తళతళలాడింది. ఆ మచ్చ ఎక్కడుండేదో ఇప్పుడు నాకే తెలీదు.

బైనాక్యులర్స్ 7×50. అంటే ఏడు రెట్లు పెద్దగా చూపిస్తాయి, ముందు అద్దం 50 మిల్లీమీటర్లు. ఇంతకన్నా ఎక్కువ రెట్లుంటే ఊగే ఓడ మీద బొమ్మ నిలవదు. 50ని 7తో భాగిస్తే వచ్చే 7 మిల్లీమీటర్ల వెలుగు చీకట్లో విచ్చుకున్న కంటిపాపకి సరిగ్గా సరిపోతుంది. అందుకే మసక వెలుతురులో ఇప్పటికీ కొత్తవాటికి తీసిపోవు. బరువు మాత్రం మెడ లాగేస్తుంది. రెండు కళ్లకీ విడివిడిగా ఫోకస్ చేసుకోవాలి. తాతయ్య తన కళ్లకి కుదిరిన చోట రెండు వైపులా చిన్న తెల్ల పెయింటు చుక్కలు పెట్టుకున్నారు. నేను చూడాలంటే వాటిని తప్పించాలి. చూడ్డం అయ్యాక మళ్లీ చుక్క దగ్గరికి తెచ్చి పెడతాను.

తోలు కేసులో ఉంచడం నా పొరపాటు. తోలు తేమ పట్టి రెండు వానాకాలాల్లో అద్దాల మీద ఫంగస్ వచ్చింది. రిపేరుకిస్తే శుభ్రం చేశారు గానీ గొట్టాల వరస తప్పించారు. ఒక వస్తువు రెండుగా కనపడి తలనొప్పి. వేరేచోట మళ్లీ సరిచేయించాల్సొచ్చింది. ఇప్పుడు గాలి చొరని డబ్బాలో, సిలికా జెల్‌తో ఉంటున్నాయి.

ఇంటికొచ్చిన వాళ్లంతా ముందు అడిగేది సెక్స్టాంట్. పట్టుకోవడం మాత్రం వంపు కమ్మీ దగ్గరే పట్టుకుంటారు, అది వంగితే పని అయిపోయినట్టే. కోణంలో ఒక నిమిషం తప్పితే సముద్రం మీద ఒక నాటికల్ మైలు, అంటే 1852 మీటర్లు తప్పినట్టు. దిగంతం కనపడని మేడ మీద దీనికి పని లేదు. తాతయ్య మమ్మల్ని దీన్ని ముట్టుకోనిచ్చేవారు కాదు, అందుకే నాకు ఇందులో పెట్టె మూతపడే చప్పుడు తప్ప ఏ జ్ఞాపకమూ లేదు.

డిశ్చార్జి బుక్కు వాడే వస్తువు కాదనుకున్నాను. ఏ ఓడ ఎప్పుడు ఎక్కారు, ఎప్పుడు దిగారు అన్నీ తేదీలతో ఉంటాయి. పక్కన పనితీరు, నడవడిక అంటూ వెరీ గుడ్ ముద్రలు. ఒక ఆదివారం కూర్చుని ఆ తేదీలన్నీ లెక్కేశాను. నాన్న మొదటి పదేళ్లలో తాతయ్య ఇంట్లో ఉన్నది మొత్తం 31 నెలలు. కాగితం మీద వేసి నాన్నకి చూపించాను. ఆయన పుస్తకం తీసుకుని రెండు పేజీలు తిప్పి, మూసి నా చేతికిచ్చేశారు.

"బారోమీటర్ ఎంతుందో చూడరా" అన్నారు.