ఘాట్ రోడ్డులో కీచుమన్న బ్రేకు

మూడు రోజుల కొండ ప్రయాణంలో చూసినవాటికన్నా విన్న శబ్దాలే ఎక్కువ గుర్తున్నాయి.

మొదటి రాత్రి కొండ కింద వాగు పక్కన లాడ్జిలో దిగాం. గది శుభ్రంగానే ఉంది కానీ కారుకు షెడ్డు లేదు, రాత్రంతా వాన. పొద్దున బ్రేకు తొక్కగానే గరగరమంది. తడికి, చక్రంతోపాటు తిరిగే బ్రేకు డిస్కు మీద పల్చగా తుప్పు పట్టింది, అంతే. నాలుగైదుసార్లు బ్రేకు వేసేసరికి డిస్కును నొక్కిపట్టే ప్యాడ్లే ఆ తుప్పును గీకేశాయి.

పైన బసలో వేడినీళ్లు రాలేదు, షెడ్డు మాత్రం ఉంది. మళ్లీ వెళ్తే అక్కడే దిగుతాను. వ్యూ పాయింట్‌ను పది నిమిషాల్లో పొగమంచు కమ్మేసింది.

అసలు టెన్షన్ దిగేటప్పుడు. రెండో గేరులో ఎక్కిన రోడ్డును నాలుగో గేరులో, కాలు బ్రేకు మీదే ఉంచి దిగాను. తప్పు నాదే. సగం దూరంలో మాడు వాసన, ఆపైన సన్నటి కీచు.

కింద మొదటి మెకానిక్ బండి వైపు సరిగా చూడకుండానే ప్యాడ్లు, డిస్కులు అన్నీ మార్చాలన్నాడు. రెండో అతను తాళం తీసుకుని తనే ఒక చుట్టు నడిపి వచ్చాడు. "బ్రేకు తొక్కితేనే వస్తోందా సార్, వదిలేశాక కూడా వస్తోందా?" అని అడిగాడు. తొక్కితేనే.

చక్రం విప్పితే ప్యాడు ముఖం వేడికి గట్టిపడి అద్దంలా మెరుస్తోంది. పైగా కొత్తప్పుడు 10 మి.మీ. దాటి ఉండే ప్యాడు, ముందు ఎడమవైపు 3 కూడా లేదు. దానికి బిగించిన చిన్న రేకు డిస్కుకు తగిలి కూస్తోంది. అరిగిందని చెప్పడానికే కంపెనీవాళ్లు దాన్ని పెడతారట. అలాగే నడిపి ఉంటే ప్యాడు వెనక ఇనుప పలక డిస్కును కోసేసేది. ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్ జరిగే పిన్ను బిగుసుకుపోవడం వల్లే ఆ ఒక్క వైపు అంత అరిగింది. గ్రీజు పెట్టి, ముందు రెండు చక్రాలకూ ప్యాడ్లు మార్చాడు. వెనకవి బాగున్నాయని ముట్టుకోలేదు. ఆ మాటతోనే నాకు నమ్మకం కుదిరింది.

ఇంటిదారిలో మళ్లీ కిర్రుమని మొదలైంది. ఈసారి బ్రేకు వదిలేసినా ఆగలేదు. నిదానంగా పక్కకు ఆపి, బండిని కాస్త వెనక్కి నడిపాను. డిస్కుకీ దాని వెనక దుమ్ము ఆపే రేకుకీ మధ్య ఇరుక్కున్న గులకరాయి టక్కున రోడ్డు మీద పడింది.