రమణాశ్రమం: ధ్యానానికి ఎక్కడ కూర్చుంటే కుదురుతుంది?

ఇల్లు వదిలి అడవికి పోయినా మనసు వెంటే వస్తుందని రమణ మహర్షి బోధ. అలా చెప్పిన మహర్షే 1896లో అరుణాచలం చేరాక 1950లో దేహం చాలించేదాకా ఆ కొండను వదల్లేదు. కాబట్టి చోటు ముఖ్యమా కాదా అని వాదించడం కంటే, ఏ చోటు దేనికి పనికొస్తుందో చూసుకోవడం మేలు.

అందరూ ముందు పరుగెత్తేది ఆ కొండ మీది విరూపాక్ష గుహకే. మహర్షి 1899 నుంచి 1916 దాకా ఉన్నది అక్కడే. లోపల చీకటి, ఉక్క, గాలి ఆడదు. నలుగురైదుగురు కూర్చుంటే కాసేపటికే మగత కమ్ముతుంది. దాన్ని ధ్యానం కుదరడం అనుకోకండి. గడ్డం ఛాతీ మీదికి వాలుతోందంటే అది కునుకే. భస్త్రిక, కపాలభాతి లాంటి వేగంగా ఊపిరి ఆడించే ప్రాణాయామాలు అక్కడ అసలు వద్దు. జపానికైతే బాగుంటుంది.

ప్రాణాయామానికి పైనున్న స్కందాశ్రమం నయం. కొబ్బరిచెట్ల నీడ, నీటి ఊట, ధారాళంగా గాలి. కొండ కింద ఉన్న రమణాశ్రమం వెనక గేటు నుంచి అరగంట నడక. పొద్దున్నే వెళ్లండి. ఎండెక్కితే దారిలో రాళ్లు కాలతాయి, కింద ఊళ్లోంచి హారన్ల మోత కూడా పైకి వస్తుంది.

కొత్తగా ధ్యానం మొదలుపెట్టినవాళ్లకు మాత్రం మా ఓటు ఆశ్రమంలోని పాత హాలుకే. మహర్షి సోఫా ముందు నిశ్శబ్దంగా కూర్చున్నవాళ్లను చూస్తే మన కదలిక కూడా తగ్గుతుంది. నేల మాత్రం గట్టిది. పలచటి చాప ఒక్కటే వేసుకుంటే మోకాళ్లు తుంటి కంటే పైకి లేస్తాయి, నడుము గూనిగా వంగుతుంది, ఊపిరి పొట్టిదవుతుంది, కాళ్లు తిమ్మిరెక్కుతాయి. దుప్పటి మడత పెట్టి పిరుదుల కింద మూడు నాలుగు అంగుళాల ఎత్తు చేసుకోండి, మోకాళ్లు కిందికి దిగుతాయి. నెమళ్లు ఉన్నట్టుండి గట్టిగా అరుస్తాయి. ఉలిక్కిపడ్డా కళ్లు తెరవకుండా మళ్లీ శ్వాస మీదికి రండి. మహర్షి సమాధి మందిరంలో వేదపారాయణ వినడానికి ఎంతో హాయిగా ఉంటుంది, కానీ చుట్టూ ప్రదక్షిణలు జరుగుతుంటాయి కనక మౌనధ్యానానికి అది చోటు కాదు.

పౌర్ణమికి, కార్తిక దీపానికి 14 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ కోసం జనం పోటెత్తుతారు. సాధన కోసమే వెళ్లేవాళ్లు ఆ రోజులు తప్పించుకోండి. ఆశ్రమంలో బసకు నిర్ణీత అద్దె లేదు, గదులు తక్కువ, చాలా ముందుగా రాసి అడగాలి.