ఏళ్ల తరబడి వాడాక: మా కారు ఏసీ, దాని చప్పుళ్లు

ఆటోమేటిక్ ఏసీ ఉన్న చిన్న పెట్రోల్ కారును హైదరాబాద్‌లో ఏళ్లుగా నడుపుతున్నాను. చల్లదనం విషయంలో ఫిర్యాదేమీ లేదు. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఆగితే కాస్త తగ్గుతుంది, బండి కదలగానే మళ్లీ అందుకుంటుంది. నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది చప్పుళ్ల గురించి. ఏ చప్పుడు వచ్చినా ముందు వినిపించే మాట 'కంప్రెసర్ పోయింది సార్' అని. ఏసీ గ్యాస్‌ను ఒత్తిడి పెంచి తిప్పే ఆ భాగం మార్చే ఖర్చు వింటే ఎవరికైనా టెన్షనే.

ఒక గ్యారేజీలో నాకూ అదే చెప్పారు. డాష్‌బోర్డు ఎడమవైపు లోపల గరగరమని శబ్దం. ఇంజిన్ ఆపేసి, తాళం ఆన్‌లో ఉంచి ఫ్యాన్ ఒక్కటే వేసి చూశాను. శబ్దం అలాగే ఉంది, ఫ్యాన్ వేగం పెంచితే ఇంకా పెరిగింది. కంప్రెసర్ ఇంజిన్ బెల్టుతో తిరుగుతుంది. ఇంజినే ఆగి ఉంటే అది చప్పుడెలా చేస్తుంది? గ్లవ్ బాక్స్ విప్పించి బ్లోయర్ (లోపలికి గాలి విసిరే ఫ్యాన్) దించితే నిండా ఎండిన వేపాకులు! ఎండాకాలం చెట్టు నీడన పార్కింగ్ దొరకడం అదృష్టమే కానీ, రాలిన ఆకులు ముందు అద్దం కింది జాలీలోంచి లోపలికి దిగుతాయి. ఇప్పుడు ఆ జాలీని తరచూ శుభ్రం చేస్తున్నాను. క్యాబిన్ ఫిల్టర్ వేసవికి ముందే మారుస్తున్నాను. ఆ శబ్దం మళ్లీ రాలేదు.

ఏసీ వేయగానే బానెట్ కింద 'టక్' మనడం మామూలే, అది కంప్రెసర్‌ను బెల్టుతో కలిపే క్లచ్ పట్టుకునే చప్పుడు. ఏసీ వేస్తేనే మొదలై, ఇంజిన్ వేగంతో పాటు పెరిగే రొద ఉంటే మాత్రం కంప్రెసర్ వైపు చూడాలి. ఇంజిన్ ఆపాక కాసేపు 'స్స్' మని వినిపిస్తే గ్యాస్ ఒత్తిడి సర్దుకుంటోందని అర్థం. నడుస్తుండగా అదే శబ్దం గట్టిగా వస్తూ చల్లదనమూ తగ్గితే గ్యాస్ తగ్గి ఉండొచ్చు. అప్పుడు ఊరికే నింపించకుండా లీకేజీ వెతికించండి.

మలుపు తిరిగినప్పుడు లోపల నీళ్లు కదిలినట్టు వినిపించి, ముందు సీటు మ్యాటు తడిస్తే ఏసీ నీళ్లు బయటికి పోయే డ్రెయిన్ పైపు మూసుకుపోయినట్టే. ఆ తడి జిగటగా, తియ్యటి వాసనతో ఉంటే అది కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం; అప్పుడు హీటర్ కోర్ (ఆ ద్రవం వేడితో లోపలి గాలిని వేడిచేసే భాగం) చూపించాలి. మన ఊళ్లో హీటర్ ఎవరు వాడతారని వదిలేయకండి, చాలా కార్లలో హీటర్ వేయకపోయినా కూలెంట్ అందులోంచి పారుతూనే ఉంటుంది.

నాకు నచ్చనిది ఒక్కటే. ఉష్ణోగ్రత మార్చినప్పుడల్లా డాష్‌బోర్డు వెనక టిక్‌టిక్ మంటోంది. గాలి దారి మార్చే చిన్న మోటారులో ప్లాస్టిక్ పళ్లు అరిగాయట. ఈ కారులో దాన్ని చేరాలంటే సగం డాష్‌బోర్డు విప్పాలి. చల్లదనానికి లోటు లేదు కాబట్టి ఇంకా మార్పించలేదు.