పిల్లల 'స్పెషల్ షో' స్లిప్ ఇంటికొస్తే డబ్బులు కట్టే ముందు ఇది చదవండి

నల్గొండ, మిర్యాలగూడ, దేవరకొండ, అటు మహబూబ్‌నగర్, వనపర్తి వైపు ఉన్న తల్లిదండ్రులారా, ముఖ్యంగా ఇంట్లో బొమ్మల సినిమాల పిచ్చి ఉన్న పిల్లలున్నవాళ్లు, కాస్త ఇటు చూడండి. స్కూల్ డైరీలో ఒక రంగుల స్లిప్ పెట్టి పంపిస్తున్నారు. "కొత్త హాలీవుడ్ త్రీడీ యానిమేషన్ సినిమా, మొదటిసారి తెలుగులో, పిల్లల కోసం స్పెషల్ షో" అని ఉంటుంది. టికెట్ 150 రూపాయలు, తోడు వచ్చే పెద్దవాళ్లకూ అంతే. కింద ఒక క్యూఆర్ కోడ్. సినిమా పేరు ఉండదు, తీసినవాళ్ల పేరు ఉండదు, షో వేసేవాళ్ల పేరు కూడా ఉండదు. అందుకే నేనూ ఇక్కడ ఎవరి పేరూ రాయడం లేదు, ఆ స్లిప్ మీద ఉన్నది ఒక్క ఫోన్ నంబరే, అదీ ఇప్పుడు స్విచాఫ్.

బొమ్మలు మాత్రం దండిగా వేశారు. తెల్ల టోపీ పెట్టుకున్న వంట ఎలుక, బండ మీద నిలబడ్డ సింహం పిల్ల, మంచులో నీలం గౌను వేసుకున్న అమ్మాయి. మూడూ మూడు వేరే వేరే సినిమాలవని యానిమేషన్ చూసే ఎవరికైనా తెలుస్తుంది. మరి ఇందులో ఏ సినిమా వేస్తారని ఫోన్ చేసి అడిగితే "అది సర్‌ప్రైజ్ సార్" అన్నాడు అవతలాయన. మా పిల్లలు ఎలుక బొమ్మ చూసినప్పటి నుంచి నిద్రపోనివ్వలేదు, సరే పోదాం పదండి అని డబ్బులు కొట్టి తీసుకెళ్లాం.

థియేటర్ కాదు, ఊరి చివర ఫంక్షన్ హాల్. తెల్ల గుడ్డ, ప్రొజెక్టర్, పెళ్లి బరాత్‌లో వాడే డీజే బాక్సులు. గేటు దగ్గర ఎరుపు, నీలం కాగితం కళ్లద్దాలు పంచారు. అవి పనిచేయాలంటే సినిమాని కూడా ఆ రెండు రంగుల బొమ్మలు ఒకదాని మీద ఒకటి పడేలా తయారుచేయాలి, అప్పుడే ఒక్కో కంటికి ఒక్కో బొమ్మ అంది లోతు కనిపిస్తుంది. వీళ్లు వేసింది మామూలు సినిమా. దాన్ని ఆ అద్దాలతో చూస్తే ఒక కంటికి అంతా ఎరుపు, ఇంకో కంటికి అంతా నీలం, తలనొప్పి తప్ప ఏమీ రాదు. సగం మంది పిల్లలు పది నిమిషాల్లోనే తీసి జేబులో పెట్టుకున్నారు.

ఇక సినిమా. ఎలుక ఉంది, వంట కూడా చేసింది. అంటే రేపు ఎవరైనా నిలదీస్తే "ఎలుక అన్నాం, ఎలుకనే చూపించాం కదా" అనొచ్చు, వాళ్ల తెలివంతా అక్కడుంది. కానీ ఆ ఎలుక నడుస్తుంటే కాళ్లు నేలకు ఆనవు, నూనె పోసిన గచ్చు మీద జారినట్టు జారుతూ పోతుంది. గిన్నె కింద నీడ లేదు, మనిషి కింద నీడ లేదు. హోటల్లో కూర్చున్న జనం అంతా ఒక్కటే ముఖం, చొక్కా రంగులు మార్చారంతే. తెలుగు డబ్బింగ్ అయితే మొత్తం ఇద్దరే చెప్పినట్టుంది, తల్లి ఎలుకకూ పిల్ల ఎలుకకూ ఒకటే గొంతు. 45 నిమిషాలకు అయిపోయింది. మా చిన్నోడు మధ్యలో నవ్వాడు కూడా, అబద్ధమెందుకు. పెద్దది మాత్రం "నాన్నా, ఇది అది కాదు" అని మొదటి ఐదు నిమిషాల్లోనే పట్టేసింది.

బయటికొచ్చాక కొందరు పేరెంట్స్ "పిల్లలకు ఏదైతే ఏందన్నా, కాసేపు కూర్చున్నారు కదా" అన్నారు. నాకు మండింది అక్కడే. పిల్లలకు ఏదైతే ఏంది అనే మాట మీదనే ఈ వ్యాపారం మొత్తం నడుస్తోంది.

ఇదేం కొత్త విద్య కూడా కాదు. పిక్సార్ వాళ్ల వంట ఎలుక సినిమా 'రటాటూయీ' 2007లో వచ్చింది. అదే ఏడాది బ్రెజిల్‌కు చెందిన వీడియో బ్రింకెడో అనే సంస్థ 'రాటటోయింగ్' అని తన ఎలుకను దింపింది, అదీ వంట ఎలుకే. ఇలాంటివి ఎలా తప్పించుకుంటాయంటే, 'వంట చేసే ఎలుక' అనే ఆలోచన మీద ఎవరికీ హక్కు ఉండదు, ఆ ఆలోచనను ఒకరు తెరకెక్కించిన తీరు మీదే హక్కు. ఆ తీరును ముట్టుకోకుండా పక్కనుంచి పోతే కోర్టులో పట్టుకోవడం కష్టం. దొరికేది ఎక్కువగా పోస్టర్ దగ్గర, పేరు దగ్గర. కెనడాలో 'ది లెజెండ్ ఆఫ్ సరీలా' అని అక్కడి మంచు ప్రాంతాల్లో ఉండే ఇన్యూట్ ప్రజల కథతో ఒక యానిమేషన్ సినిమా తీశారు. 2013లో డిస్నీ వాళ్ల 'ఫ్రోజెన్' వచ్చే సమయానికి దాన్ని అమ్మే కంపెనీ పేరు మార్చి 'ఫ్రోజెన్ ల్యాండ్' అని, అక్షరాలు కూడా డిస్నీ వాటిలాగే పెట్టి డీవీడీలు వదిలింది. డిస్నీ కేసు వేసింది. 2014 జనవరిలో ఆ కంపెనీ లక్ష డాలర్లు కట్టి, ఆ పేరుతో అమ్మడం ఆపుతానని ఒప్పుకొని రాజీపడింది. పాపం ఆ సినిమా తీసినవాళ్లు ఎవరి కథా ఎత్తుకోలేదు, వాళ్ల కథ వాళ్లు చెప్పుకున్నారు. అట్టపెట్టె మీద వేషం మార్చింది అమ్మినవాళ్లు.

మా బామ్మర్ది పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేస్తాడు, యానిమేషన్ అంటే మా ఇద్దరికీ ఎప్పుడూ లొల్లే. ఈ సంగతి చెప్తే వాడు నన్నే తగులుకున్నాడు. "బావా, పెద్ద కంపెనీలు మాత్రం కొత్తగా ఏం తీస్తున్నాయి? రెండో భాగం, మూడో భాగం, లేదంటే పాత బొమ్మల సినిమానే మళ్లీ తీసుడు. వీళ్లు 150కి మోసం చేస్తే వాళ్లు 300కి చేస్తున్నారు" అని. పూర్తిగా తప్పని అనలేను. 2024లో ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ వసూలు చేసిన సినిమా 'ఇన్‌సైడ్ అవుట్ 2'. అదే ఏడాది వచ్చిన 'మోవానా 2' మొదట ఓటీటీ సిరీస్‌గా మొదలై తర్వాత థియేటర్ సినిమాగా మారింది, ఆ అతుకులు నాకైతే కనిపించాయి. 2019 'లయన్ కింగ్' తెలుగులో సింబాకు నాని, విలన్ స్కార్‌కు జగపతిబాబు గొంతులు బాగున్నాయి కానీ, 1994 నాటి సినిమాలో సింహం ముఖంలో ఉన్న ఏడుపూ నవ్వూ ఇందులో ఎక్కడున్నాయి? నిజం సింహంలా కనిపించాలని పోయి ముఖాన్ని రాయి చేశారు.

అయినా నా మాట ఒకటే. అది కొత్తదనం లేకపోవడం, ఇది మోసం, రెండింటినీ ఒక గాటన కట్టొద్దు. రెండో భాగం అమ్మేవాడు పోస్టర్ మీద 2 అని వేసి అమ్ముతాడు. కొనాలా వద్దా నువ్వు తేల్చుకుంటావు, నచ్చకపోతే తిట్టుకుంటావు. ఇక్కడ ఏం కొంటున్నావో కూడా చెప్పలేదు.

పాత కథ కాబట్టి కాపీ అనడమూ నాకు ఎక్కదు. యాదగిరిగుట్ట, మట్టపల్లి ఉన్న ఉమ్మడి నల్గొండ జిల్లా మనది, ప్రహ్లాదుడి కథ మనకెవరు కొత్తగా చెప్పాలి? అయినా 2025 జులైలో 'మహావతార్ నరసింహ' వస్తే మనవాళ్లు ముసలీ ముతకా అని లేకుండా పోయి చూశారు. కొన్ని చోట్ల ముఖాలు బిగుసుకుపోయి ఉన్నాయని నేనూ ఒప్పుకుంటా, కానీ స్తంభం పగిలే ఘట్టం దగ్గర హాల్లో ఎవరూ అది పట్టించుకోలేదు. చైనా వాళ్ల 'నెజా 2' కూడా వందల ఏళ్ల నాటి పురాణ నవల నుంచి తీసుకున్నదే, వసూళ్లు రెండు వందల కోట్ల డాలర్లు దాటాయి.

డబ్బు తక్కువైతే నాసిరకం అవుతుందన్నదీ వాదనకు నిలవదు. 2025లో ఆస్కార్ గెలిచిన లాట్వియా సినిమా 'ఫ్లో'ని ఎవరైనా ఉచితంగా దింపుకునే బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌తో తీశారు. ఒక పిల్లి, కొన్ని జంతువులు, వరద, ఒక్క మాట కూడా లేదు. కదలిక కుదుపుగా ఉంటే చీప్ అని మా బామ్మర్ది అంటాడు, అదీ అన్నివేళలా నిజం కాదు. 2018 స్పైడర్‌మ్యాన్ యానిమేషన్‌లో ఆ కుర్రాడు పని నేర్చుకోనంత వరకు అతని కదలికను సెకనుకు 12 బొమ్మలతోనే చేశారు, పక్కనున్న అనుభవజ్ఞుడికి 24. వాడి తడబాటు కంటికి తెలియాలని కావాలని చేసిన పని అది. కావాలని చేసిన కుదుపు, చేతకాక వచ్చిన జారుడు, పక్కపక్కన పెడితే పదేళ్ల పిల్ల కూడా చెప్పేస్తుంది, మా ఇంట్లో చెప్పింది కదా.

సరే, డబ్బుల సంగతికి వస్తా. స్కూల్‌లో అడిగితే "మాకు సంబంధం లేదు, స్లిప్పులు పంచమంటే పంచాం" అన్నారు. కాబట్టి మీ పిల్లల డైరీలో ఈ స్లిప్ కనిపిస్తే ముందుగా సినిమా పూర్తి పేరు రాసివ్వమని అడగండి. సర్‌ప్రైజ్ అన్నారంటే అక్కడితో వదిలేయండి. పేరు చెప్తే తీసిన సంస్థ ఎవరో, ఎప్పుడు వచ్చిందో ఫోన్‌లో ఒక నిమిషంలో తెలిసిపోతుంది. సెన్సార్ బోర్డు వెబ్‌సైట్‌లో కూడా పేరు కొట్టి వెతకొచ్చు. మన దేశంలో జనానికి చూపించే సినిమాకు సెన్సార్ సర్టిఫికెట్ ఉండాలి, మొదట్లో తెర మీద పేరు, భాష, నిడివితో కనిపించే కాగితం అదే. 2023 సవరణ తర్వాత పిల్లల వయసును బట్టి యూఏ 7+, 13+, 16+ అని కూడా విడగొట్టారు. మాకు వేసిన షోలో అది కనిపించనే లేదు, నేరుగా ఎలుక వచ్చేసింది. త్రీడీ అంటే ఏ హాల్, ఏ రకం అద్దాలు అని అడగండి. ఫంక్షన్ హాల్, కాగితం అద్దాలు అన్నారంటే ఇక మీకే అర్థమవుతుంది.

ఇప్పటికే కట్టినవాళ్లు ఊరుకోకండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, తెలుగులోనే మాట్లాడొచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, ఐదు లక్షల లోపు కేసుకు ఫీజు కూడా లేదు. 150 కోసం ఎవరు తిరుగుతారని అనిపిస్తుంది, వాళ్ల ధైర్యం కూడా అదే, కానీ ఒక క్లాస్ పేరెంట్స్ అంతా కలిసి పెడితే లెక్క వేరేగా ఉంటుంది. డబ్బు కట్టిన స్క్రీన్‌షాట్, ఆ స్లిప్, కాగితం అద్దాలు కూడా, ఏవీ పారేయకండి. క్యూఆర్ కొట్టినప్పుడు వచ్చిన పేరు అందులోనే ఉంటుంది.